కటకం మీద చెక్కిన వర్గమూలం

పాత కెమేరా కటకం చుట్టూ 1.4, 2, 2.8, 4, 5.6, 8, 11, 16, 22 అనే అంకెలు వరుసగా చెక్కి ఉంటాయి. ఉగాది వేడుకల్లో, పిల్లల నాట్య ప్రదర్శనల్లో లెక్కకు మిక్కిలిగా ఛాయాచిత్రాలు తీసే ప్రవాసాంధ్ర కుటుంబాలలో ఈ అంకెల అర్థాన్ని పిల్లలకు వివరించే పెద్దలు అరుదు. కెమేరా అన్నిటినీ తానే సరిచూసుకొంటున్నప్పుడు ఈ లెక్క దేనికని ప్రశ్నించవచ్చు. కెమేరాకు అవసరం లేకపోయినా పిల్లలకు ఉంది.

కటకపు నాభ్యంతరాన్ని కాంతి ప్రవేశించే రంధ్రపు వ్యాసంతో భాగిస్తే వచ్చేదే ఎఫ్-సంఖ్య. నాభ్యంతరం 50 మిల్లీమీటర్లు, వ్యాసం 25 మిల్లీమీటర్లు అయితే ఆ సంఖ్య 2. లోపలికి వచ్చే కాంతి రంధ్రపు వైశాల్యాన్ని, అనగా వ్యాసపు వర్గాన్ని అనుసరిస్తుంది. వ్యాసాన్ని సగం చేస్తే కాంతి నాలుగో వంతుకు పడిపోతుంది. కాంతిని సరిగ్గా సగం చేయాలంటే వ్యాసాన్ని 2 యొక్క వర్గమూలంతో, అనగా సుమారు 1.414తో భాగించాలి. అందుకే ప్రతి మెట్టుకూ సంఖ్య అన్ని రెట్లు పెరుగుతుంది. 2 నుంచి 16 వరకు ఆరు మెట్లు. కాంతి 64వ వంతు మాత్రమే మిగులుతుంది.

చతురస్ర వైశాల్యాన్ని రెట్టింపు చేయడానికి శుల్బసూత్రకారులకు కావలసి వచ్చిన సంఖ్యా ఇదే. ఆపస్తంబుడు ఇచ్చిన విలువ 1.4142157కు సమానం, అది ఐదు దశాంశ స్థానాల వరకు సరిపోతుంది. ప్రాచీన గణితాన్ని వేదికలపై కీర్తించడం కన్నా, ఆ సంఖ్యను పిల్లవాని చేతిలోని కటకంపై చూపడం మేలు.

అయితే గణితం ఒక్కటే చాలదు. పూత లేని గాజు ఉపరితలం ఒక్కొక్కటి సుమారు 4 శాతం కాంతిని వెనక్కు పంపుతుంది. అటువంటి పది ఉపరితలాలను దాటేసరికి మిగిలేది 66 శాతమే. 1935లో జైస్ సంస్థ శాస్త్రజ్ఞుడు అలెగ్జాండర్ స్మకులా పలుచని పూతతో ఈ నష్టాన్ని తగ్గించే విధానాన్ని రూపొందించారు. మెగ్నీషియం ఫ్లోరైడ్‌ను సుమారు 100 నానోమీటర్ల మందాన పూస్తే ఒక్కొక్క ఉపరితలం వద్ద నష్టం ఒకటిన్నర శాతం లోపునకు దిగి, 86 శాతం కాంతి దాటిపోతుంది. లెక్క చెప్పే కాంతికీ, నిజంగా చేరే కాంతికీ ఉన్న ఈ తేడా వల్లనే సినిమా కటకాలపై, నష్టాన్ని కూడా లెక్కలోకి తీసుకొనే టి-సంఖ్యను ముద్రిస్తారు.

నేటి సెల్‌ఫోన్లలో అధిక భాగానికి రంధ్రం మారదు. అంకెలు కంటికి కనిపించవు. కనుక అటకమీది పాత కెమేరాకు మళ్ళీ పని కల్పించాలి. 2.8 వద్ద 1/125 సెకను చాలితే, 4 వద్ద 1/60 ఎందుకు కావాలో పిల్లలచేత చెప్పించాలి. ఆ వివరణ వ్యాసం, వైశాల్యం, వర్గమూలం అనే తెలుగు మాటలలోనే సాగాలి. బడిలో గణితం ఆంగ్లంలోనూ, ఇంట్లో అన్నం, నీళ్ళు తెలుగులోనూ అన్న విభజన స్థిరపడితే తెలుగు వంటింటి గడప దాటదు. ఆలోచనకు పనికిరాని భాషను ఏడాదికొక నాటిక నిలబెట్టజాలదు.