రైతు లేని పల్లె బొమ్మ

హైదరాబాద్ నుంచి చేవెళ్ల, శంకర్‌పల్లి, షాద్‌నగర్, యాచారం దారుల్లో ఎటు పోయినా ఫామ్‌ ప్లాట్ల హోర్డింగులే. పచ్చిక, శ్రీగంధం మొక్కలు, చుట్టూ ప్రహరీ. ఆ బొమ్మల్లో ఒక్క రైతూ కనిపించడు. నాట్లేసే కూలీలుండరు, గొర్ల మంద ఉండదు. నగరవాసి పల్లె కలను ఈ లోటు నుంచే అర్థం చేసుకోవాలి.

ఆ కల వెనుకనున్న అలసట నిజమైనదే. సాయంత్రాలు ట్రాఫిక్‌లో పోతాయి. ఎండాకాలం ట్యాంకర్ కోసం ఎదురుచూపులు. 2020 లాక్‌డౌన్‌లో ఇంటి నుంచే పని చేయొచ్చని తెలిశాక, ఊళ్లో బతకవచ్చన్న ఆశ చాలామందికి కలిగింది. ఆ ఆశను తప్పుపట్టలేం. కానీ మనిషి కంటే ముందు ఊరికి అతని డబ్బు చేరి భూమి ధరను పెంచుతోంది.

ఎకరాకు పాతిక క్వింటాళ్ల వడ్లు పండాయనుకుందాం. సాధారణ రకానికి 2025-26 మద్దతు ధర క్వింటాలుకు రూ.2,369. రెండు పంటలూ చేతికొస్తే ఏడాదికి సుమారు లక్షా 18 వేలు. దున్నకం, నాట్లు, ఎరువులు, కోత మిషను ఖర్చులన్నీ అందులోంచే పోవాలి. అదే ఎకరం కోటి రూపాయలు పలికే చోట, ఖర్చులు తీయకముందే రాబడి నూటికి రూపాయి పావలా దాటదు. పక్క చెల్క అమ్మకానికొస్తే సేద్యం మీద కూడబెట్టి కొనగల రైతు అక్కడ మిగలడు. అన్నదమ్ములు పంచుకున్నప్పుడు ఒకరి వాటా ఇంకొకరు కొనుక్కునే వీలూ పోయింది.

ధర కంటే కంచె ఎక్కువ చెరుపు చేస్తోంది. పొలానికి పట్టాదారు ఒక్కడే అయినా, దాని మీద ఆధారపడి బతికేవాళ్లు చాలామంది. కోతలయ్యాక గొల్లకురుమల మందలు కొయ్యకాళ్లలో మేస్తాయి. రాత్రికి మంద పెట్టించుకుంటే పొలానికి ఎరువు. గట్ల మీద గడ్డి కోసుకొచ్చి బర్రెను సాకే ఆడవాళ్లుంటారు. బండ్ల బాట ఎవరిదో చెల్క అంచున సాగి చెరువు దాకా పోతుంది. ఫెన్సింగ్ పడగానే ఇవన్నీ ఆగిపోతాయి. పాసుపుస్తకంలో వీటి ప్రస్తావనే ఉండదు కాబట్టి, తానేం మూసేశాడో కొన్నవాడికి తెలియదు. వాన నీటిని చెరువుకు చేర్చే కాలువ చదునైపోయిన సంగతి చెరువు నిండని ఏడాది గానీ బయటపడదు. ఈ రాతినేలలో భూగర్భ జలం ఎక్కువగా పగుళ్లలోనే ఉంటుంది. పచ్చికను తడపడానికి లోతుగా దించిన బోరు పక్క రైతు బోరును ఎండబెట్టగలదు.

నీటిని కాపాడే నిబంధనలున్న చోటా ఇదే కథ. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలను కాపాడాలని 1996లో 111 జీవో తెచ్చి 84 గ్రామాల్లో నిర్మాణాలను కట్టడి చేశారు. అది నగరం తాగే నీటి కోసం. ఆ ఊళ్లలోనే ఫామ్‌హౌస్‌లు, ఫంక్షన్ హాళ్లు లేచాయి.

అన్నిటికన్నా నన్ను బాధించేది కౌలురైతు సంగతి. 2018లో మొదలైన రైతుబంధు పెట్టుబడి సాయం పట్టా ఉన్నవారికే అందింది. నగరంలో ఉండే యజమాని ఖాతాలో డబ్బు పడింది, దున్నినవాడికి కౌలు భారం మిగిలింది. కౌలుదారుకు రుణ అర్హత కార్డు ఇవ్వాలని ఉమ్మడి రాష్ట్రంలో 2011లోనే చట్టం చేశారు. అయినా కాగితం రాసిస్తే భూమి చేజారుతుందన్న భయం యజమానులను వదల్లేదు. ఫ్లాట్ అద్దెకిచ్చేటప్పుడు 11 నెలల ఒప్పందం తప్పనిసరిగా రాయించుకునే ఉద్యోగి, ఊళ్లో తన భూమి దున్నేవాడి దగ్గర నోటిమాటతో సరిపెడుతున్నాడు. ఆ కాగితం లేక కౌలుదారుకు బ్యాంకు రుణం దొరకదు, వడగండ్ల వానకు పంట పోతే పరిహారం రాదు. పల్లెలో భూమి కొన్నవారు ముందుగా ఆ ఒప్పందం రాసివ్వాలి. సాగుచేయని యజమానికి పెట్టుబడి సాయం ఆపి, కౌలు పత్రం చూపినవాడికే ప్రభుత్వం ఇవ్వాలి. బాటలు, కాలువలు మూసే ఫెన్సింగ్‌కు గ్రామసభ అనుమతి తప్పనిసరి చేయాలి.