టికెట్ చౌకే... మరి పెట్టె ఎక్కడ దిగుతుంది?

అంగలకుదురులో అమ్మానాన్న. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో అక్క. టికెట్ బుక్ చేసేది మాత్రం చేతిలో ఫోన్ ఉన్న తమ్ముడు. అంటే మీరే! యాప్‌లో ‘చీపెస్ట్’ నొక్కేసి పదివేలు మిగిలాయని మురిసిపోయే ముందు ఒక్క నిమిషం ఆగండి. టికెట్ కొనేది మీరు. ఆ ఎయిర్‌పోర్టుల్లో నడిచేది వాళ్లు.

ముందు దిగే చోటు చూద్దాం. న్యూయార్క్ పరిసరాల్లో పెద్ద ఎయిర్‌పోర్టులు మూడు: జేఎఫ్‌కే, నెవార్క్, లాగ్వార్డియా. సెర్చ్‌లో ‘ఎన్‌వైసీ’ అని కొడితే మూడూ కలిపి చూపిస్తుంది. నెవార్క్ ఉన్నది న్యూజెర్సీలోనే. ఎడిసన్‌కి అదే దగ్గర, రైలు కూడా ఉంది. జేఎఫ్‌కేలో దిగితే అక్క ఊరంతా దాటుకుని ట్రాఫిక్‌లో రావాలి. అదే క్వీన్స్‌లో ఉండేవాళ్లకైతే జేఎఫ్‌కేనే మేలు. లాగ్వార్డియాకి వచ్చేవి ఎక్కువగా డొమెస్టిక్ విమానాలే.

ఇక బయల్దేరే చోటు. తెనాలి నుంచి గన్నవరం దగ్గర, శంషాబాద్ దూరం. గన్నవరంలో ఎక్కి ఢిల్లీలో మారడం బాగానే ఉంటుంది. కానీ మొత్తం ప్రయాణం ఒకే పీఎన్‌ఆర్ మీద ఉంటేనే! విడివిడిగా రెండు టికెట్లు కొన్నారనుకోండి, మొదటి విమానం లేటైతే రెండోవాళ్లకి సంబంధం లేదు. కొత్త టికెట్ మీ జేబులోంచే. ఇంకో చిక్కు బరువు. అమెరికా టికెట్ మీద చాలా ఎయిర్‌లైన్స్ మనిషికి 23 కిలోల పెట్టెలు రెండు ఇస్తాయి. విడిగా కొన్న డొమెస్టిక్ టికెట్ మీద మామూలుగా వచ్చేది 15 కిలోలు. అంటే మనిషికి 31 కిలోలకు ఎక్స్‌ట్రా కట్టాలి. మిగిలిన పదివేలు ఎటు పోతాయో అర్థమైందిగా?

శంషాబాద్ వెళ్తే రాత్రి ప్రయాణం తప్పదు. కానీ అక్కడి నుంచి దుబాయ్, దోహా, అబుదాబి, లండన్, ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా ఒక్కసారే మారి న్యూయార్క్ చేరొచ్చు. మన ఇమిగ్రేషన్ శంషాబాద్‌లోనే అయిపోతుంది. చుట్టూ తెలుగు మాటలు వినిపిస్తాయి. మొదటిసారి విమానం ఎక్కే అమ్మకి అదే సగం ధైర్యం. అబుదాబిలో ఇంకో సుఖం: అమెరికా ఇమిగ్రేషన్ అక్కడే చేసేస్తారు. న్యూయార్క్‌లో దిగాక ఆ క్యూ ఉండదు.

మధ్యలో ఎంత టైమ్ ఉండాలి? గంటంబావు కనెక్షన్ కూడా యాప్ అమ్మేస్తుంది. పెద్దవాళ్లకి మూడు గంటలైనా ఉంచండి. అమెరికా లోపల మళ్లీ మారాలంటే ఇంకా జాగ్రత్త. డాలస్ వెళ్లేవాళ్లు న్యూయార్క్‌లో మారితే, మామూలుగా పెట్టెలు అక్కడే తీసుకుని, కస్టమ్స్ దాటి, మళ్లీ అప్పజెప్పాలి. జేఎఫ్‌కేలో దిగి లాగ్వార్డియాలో ఎక్కే టికెట్లు కూడా కనిపిస్తాయి. చౌకగా ఉన్నా వాటి జోలికి పోవద్దు.

డబ్బు కట్టే ముందు ఇవి చూసుకోండి:

• అన్ని విమానాలూ ఒకే పీఎన్‌ఆర్ మీద ఉన్నాయా?

• ఎక్కడైనా ఎయిర్‌పోర్ట్ మారాలా?

• మారే దేశంలో ట్రాన్సిట్ వీసా అడుగుతారా? ఆ రోజు నిబంధన ఏమిటో ఎయిర్‌లైన్ సైట్‌లోనే చూడండి.

• నడవలేని వాళ్లుంటే వీల్‌చైర్ ముందే అడిగారా? దాంతోపాటు దారి చూపించే మనిషీ వస్తారు.

• ఆవకాయ చెకిన్ పెట్టెలోనే పెట్టారా? చేతిసంచిలో ఉంటే సెక్యూరిటీ దగ్గర తీసేస్తారు. నాన్‌వెజ్ పచ్చడి అసలు వద్దు, అమెరికా కస్టమ్స్‌లో ఆగిపోతుంది.

ఇవన్నీ చూశాక కూడా చౌక టికెట్టే సరిపోయిందా? వెంటనే కొనేయండి. లేదంటే ఆ పదివేలు ఎక్కువ పెట్టండి. ఇంగ్లిష్ సరిగా రాని ఇద్దరు పెద్దవాళ్లు తెలియని ఊళ్లో గేటు వెతుక్కుంటూ పరిగెత్తకుండా ఉండటానికి అది పెద్ద ఖర్చేం కాదు.