తైలంలో లోహరజస్సు: వాహనధర్మంలో విస్మృతమైన ఒక కర్తవ్యం

మహానవమి, విజయదశమి దినాలలో తెలుగునాట దేవాలయ ప్రాంగణాలు వాహనాలతో నిండిపోతాయి. చక్రాల క్రింద నిమ్మకాయలు, అద్దంపై పసుపు కుంకుమలతో స్వస్తికం, ముందు భాగాన బంతిపూల దండ, చివరకు గుమ్మడికాయతో దిష్టి. ఇవన్నీ సంప్రదాయసిద్ధములు, ఆచరణీయములు. అయితే ఆ పూజ ముగిసిన పిమ్మట సంవత్సరమంతా వాహనం పట్ల యజమాని పాటించవలసిన ధర్మమేమిటి అన్న ప్రశ్న అరుదుగా వినబడుతుంది. ఆ ధర్మానికి ముఖ్యాంగం ఒకటున్నది. ఇంజన్ ఆయిల్ మార్చే వేళ క్రిందికి దిగిన పాత తైలాన్ని కన్నులారా చూడటం, చూచినదానిని దాచకుండా ఉండటం. ఇది యంత్రవిద్యకు మాత్రమే చెందిన విషయం కాదు, సత్యవ్రతానికి చెందిన విషయం.

క్షేత్రాలకు యాత్రికులను చేరవేసే ఒక వ్యాన్ షెడ్డుకు వచ్చిందనుకుందాం. మెకానిక్ డ్రెయిన్ బోల్టు విప్పుతాడు. నల్లని తైలం ట్రేలోకి ధారగా దిగుతుంది. చివరి ధారలో ఎండ పడినచోట సన్నని రేకులు తళుక్కుమంటాయి. వేళ్ళ నడుమ నలిపితే గరగరలాడతాయి. "అన్నా, ఒకసారి ఇటొచ్చి చూడు" అంటాడు మెకానిక్. "రేపు తెల్లవారుజామున ఘాట్ రోడ్డు బేరం ఉంది తమ్ముడూ. కొత్త ఆయిల్ పోసెయ్, తిరిగొచ్చాక చూద్దాం" అంటాడు యజమాని. ఈ రెండు మాటల నడుమ పన్నెండుమంది యాత్రికుల ప్రాణాలున్నాయి.

ఇక్కడ శాస్త్రం ఉపకరిస్తుంది. న్యాయదర్శనంలో గౌతమ మహర్షి అనుమాన ప్రమాణాన్ని పూర్వవత్, శేషవత్, సామాన్యతోదృష్టం అని మూడు విధాలుగా చెప్పాడు. కార్యాన్ని చూచి కారణాన్ని గ్రహించటం శేషవత్. నది నిండుగా ప్రవహించటం చూచి ఎగువన వర్షం కురిసిందని తెలుసుకోవటం దానికి ప్రసిద్ధ దృష్టాంతం. దీనిపై ఆక్షేపాన్ని కూడా సూత్రకారుడే ప్రస్తావించాడు. ప్రవాహానికి ఏదో అడ్డుపడినా నది నిండవచ్చును గదా, అప్పుడు అనుమానం తప్పదా అని. వాత్స్యాయన భాష్యం ఇచ్చిన సమాధానం మననం చేయదగినది. నీరు పెరగటం మాత్రమే హేతువు కాదు. ప్రవాహవేగం హెచ్చటం, నురుగు, పండ్లు, ఆకులు, కట్టెలు కొట్టుకొని రావటం, వీటితో కూడిన పెరుగుదలయే హేతువు. అంటే ప్రవాహం మోసుకువచ్చిన వస్తువులను విశేషంగా పరీక్షించినవాడే సరియైన అనుమానం చేయగలడు.

ఇంజన్ తైలం కూడా అటువంటి ప్రవాహమే. అడుగున ఉన్న సంప్ నుండి పంపు దానిని పైకి తోడుతుంది. ఫిల్టరు గుండా సాగి, క్రాంక్ షాఫ్ట్ బేరింగులను, క్యామ్ షాఫ్ట్‌ను తడిపి, తిరిగి సంప్‌లోకి దిగుతుంది. దారిలో ఎక్కడ ఏది అరిగినా దాని రజను తైలంలో కలుస్తుంది. ఎగువన కురిసిన వర్షాన్ని దిగువ నది చెప్పినట్లు, మూసిన ఇంజన్‌లో జరిగినదానిని ట్రేలో పడిన తైలం చెబుతుంది.

అది చెప్పేదానిని వివేకంతో వినాలి. అయస్కాంతం గల డ్రెయిన్ బోల్టుకు మెత్తని బూడిదరంగు ముద్ద కొద్దిగా అంటుకొని ఉంటే అది సాధారణ అరుగుదల. కొత్త ఇంజన్‌కు మొదటిసారి ఆయిల్ మార్చినపుడు అది కొంత ఎక్కువగా ఉండటం సహజం. రబ్బరు వంటి నారింజ లేక నీలిరంగు తునకలు కనబడితే, అవి పూర్వం జరిగిన మరమ్మతులో అతిగా పూసిన గాస్కెట్ పేస్టు కావచ్చు. అది ఇంజన్ అరుగుదల కాకపోయినా, తైలం పీల్చే జల్లెడకు అడ్డుపడగలదు. పెళుసైన ప్లాస్టిక్ ముక్కలు టైమింగ్ చైన్ గైడు విరిగిందనటానికి సూచన. వేలికి తగిలేటంత పలుకులు అయస్కాంతానికి అంటితే ఉక్కు భాగమేదో పొరలూడుతున్నది. అంటకుండా తెల్లగా మెరిస్తే అల్యూమినియం గాని బేరింగ్ పై పూత గాని కావచ్చు. రాగిరంగు రేకులు బేరింగ్ లోపలి పొర బయటపడిందని హెచ్చరిస్తాయి. తైలం పాలవలె తెల్లబడితే నీరు గాని కూలెంట్ గాని కలిసింది.

హేత్వాభాసాలు ఇక్కడా ఉన్నాయి. నలుసు కనబడినంత మాత్రాన ఇంజన్ చెడిందనటం సవ్యభిచార హేతువు, ఎందుకంటే నలుసు మంచి ఇంజన్‌లోనూ ఉంటుంది. పాత ఫిల్టరును హ్యాక్సాతో కోసి, లోపల ఇనుప రజను ఉన్నదని భయపడేవారున్నారు. ఆ రజను రంపం రాల్చినది. ఫిల్టరు కట్టరుతో డబ్బాను తెరిచి, లోపలి కాగితపు మడతలను పిండి, తెల్లని గుడ్డపై పరచి చూడటమే సరియైన పరీక్ష. మన రైల్వే డీజిల్ లోకో షెడ్లలో తైల నమూనాలను స్పెక్ట్రోమీటరుతో పరీక్షించి, ఇనుము, రాగి, సీసం ఏ పాళ్ళలో పెరుగుతున్నవో గమనించే పద్ధతి చిరకాలంగా ఉన్నది. నలుసు చూడగానే బెదరటమూ అనుమానం కాదు, ఉపేక్షించటమూ అనుమానం కాదు. పరీక్షయే అనుమానం.

ఉపేక్ష ఎంత సూక్ష్మంగా ప్రవేశిస్తుందో చెప్పే దుర్ఘటన ఒకటి విమానరంగంలో జరిగింది. విమానాల గేర్‌బాక్సులలో తైలంలోని లోహపు పలుకులను పసిగట్టే పరికరాలుంటాయి. అతిసన్నని రజనైతే వాటిలో కొన్ని విద్యుత్తుతో దానిని కాల్చివేసి, ఆ సంగతిని పైలట్లకు తెలుపుతాయి. 2023 నవంబరు 29న జపాన్‌లోని యాకుషిమా ద్వీపం సమీపంలో అమెరికా వైమానిక దళపు సీవీ-22 ఆస్ప్రే విమానం కూలి ఎనిమిదిమంది మరణించారు. గేర్‌బాక్సులో ఒక పినియన్ గేరు పగిలింది. ప్రమాదానికి ముందు ఆ ప్రయాణంలోనే లోహపు పలుకుల హెచ్చరికలు వరుసగా వచ్చాయని 2024లో వెలువడిన విచారణ నివేదిక తెలిపింది. యంత్రవైఫల్యంతోపాటు, తక్షణం దిగకుండా ప్రయాణం కొనసాగించిన నిర్ణయాన్ని కూడా అది కారణంగా పేర్కొన్నది. మరణించినవారిని నిందించటం ధర్మం కాదు. మొదటి హెచ్చరిక తరువాత ఏమీ జరగకపోతే రెండవదానికి విలువ తగ్గటం మనుష్య స్వభావం. ఆ స్వభావమే ఘాట్ రోడ్డు బేరం ఒప్పుకున్న యజమానిలోనూ ఉన్నది.

ఉపేక్ష కంటే ఘోరమైనది ప్రచ్ఛాదనం. తైలంలో రాగిరేకులు చూచిన పిమ్మట చిక్కని ఆయిల్ పోయించి, బేరింగ్ చప్పుడు అణగగానే బండిని అమ్మకానికి పెట్టే మార్గం షెడ్లలో అందరికీ తెలిసినదే. కొనేవాడు "ఇంజన్‌లో శబ్దమేమైనా ఉన్నదా?" అని అడిగితే "లేదు, మీరే వినండి" అంటారు. ఆ మాట అక్షరాలా నిజం. కాని అది సత్యం కాదు. యోగసూత్రాలకు వ్యాసభాష్యం సత్యాన్ని నిర్వచిస్తూ, ఎదుటివానిని వంచించే వాక్కు సత్యం కాజాలదని స్పష్టంగా చెప్పింది. చెవికి నిజం చెప్పి బుద్ధికి అబద్ధం చెప్పటం ఆ వంచనయే. అటువంటి విక్రయానికి ముందురోజు చేయించిన వాహనపూజ ఆ దోషాన్ని కడగదు. పాపాన్ని మరొకరి తలుపు ముందు వదలివచ్చిన వానికి నిమ్మకాయ రక్షణ ఇవ్వజాలదు.

మనుస్మృతి పదకొండవ అధ్యాయం ప్రాయశ్చిత్త ప్రకరణంలో పాపవిముక్తి సాధనాలను చెబుతూ ఖ్యాపనాన్ని, అనుతాపాన్ని ముందుగా పేర్కొన్నది. ఖ్యాపనమంటే చేసినదానిని బయటకు చెప్పటం. తపస్సు, అధ్యయనం తరువాతి మెట్లు. వాహనం విషయంలోనూ క్రమం ఇదియే. ఉన్నది ఉన్నట్లు చెప్పటం మొదటిది, మరమ్మతు రెండవది, పూజ ఆ రెంటికీ పవిత్రతను చేకూర్చేది. మొదటిదానిని విడిచి చివరిదానిని పట్టుకుంటే అది కర్మలోపం.

"ఇంజన్ దించితే నెల సంపాదన పోతుంది, కుటుంబం గడవాలి గదా" అనే వాదాన్ని తేలికగా కొట్టివేయరాదు. అప్పు చేసి వ్యాన్ కొన్నవానికి వాయిదా తప్పదు. అయినా అరిగిన బేరింగును తొలిదశలో మార్చటానికీ, విరిగిన క్రాంక్ షాఫ్ట్‌ను మార్చటానికీ ఖర్చులో ఎంతో అంతరం ఉన్నది. ఇది ద్రవ్యలెక్క. ధర్మలెక్క వేరు. కిరాయి తీసుకున్న క్షణం నుండి యాత్రికుల ప్రాణాలు అతని వద్ద న్యాసంగా ఉన్నట్లే. న్యాసాన్ని పణంగా ఒడ్డే అధికారం ఎవరికీ లేదు. భారమంతా అతనిపైనే మోపటమూ న్యాయం కాదు. అతి తక్కువ కిరాయికి బేరమాడి, రాత్రింబవళ్ళు బండి నడవాలని పట్టుబట్టే యాత్రా నిర్వాహకులకూ, భక్తులకూ ఆ దోషంలో భాగమున్నది.

అద్వైత సంప్రదాయం అంతఃకరణానికి మలం, విక్షేపం, ఆవరణం అని మూడు దోషాలను చెబుతుంది. వాటిలో మలాన్ని తొలగించేది నిష్కామకర్మ. దినాంతంలో తన నడవడిని తాను పరీక్షించుకోమని పెద్దలు విధించినది ఇందుకే. మనస్సు నుండి దిగిన మడ్డిని చూడకుండా పారబోసి, పైన కొత్త స్తోత్రం పోసుకునేవాడు ఆ వ్యాన్ యజమాని కంటే భిన్నుడు కాడు. లోపల అరుగుతున్నది అరుగుతూనే ఉంటుంది.

కావున ఈ ఏడాది ఆయుధపూజకు ముందే ఆయిల్ మార్పించండి. మెకానిక్ పిలిచినపుడు వెళ్ళి చూడండి. పాత ఫిల్టరును తెరిపించండి. దోషం కనబడితే ఘాట్ రోడ్డు బేరాన్ని మరొక బండికి అప్పగించి, కారణం దాచకుండా చెప్పండి. వాహనపూజ చేసే అర్చకులు కూడా సంకల్పానికి ముందు "ఆయిల్ మార్పించారా, అందులో ఏమి చూశారు?" అని యజమానిని అడిగే ఆచారం మొదలుపెట్టటం ఉచితం. ఆ ప్రశ్నకు నిజమైన సమాధానం చెప్పగలిగినవాని హారతియే దేవునికి ప్రీతికరం.

స్వస్తి.