వీధి చివరి బడిని చూశారా?

గోడల రంగు, ఫ్లెక్సీ మీది ర్యాంకులు కాదు. చిన్న సర్కారు బడిని తూచడానికి తూకం రాళ్లు వేరే ఉన్నాయి

జూన్ దగ్గర పడుతోందంటే చాలు, తెలుగు పట్టణాల్లో కూడళ్లన్నీ ర్యాంకుల ఫ్లెక్సీలతో నిండిపోతాయి. నాలుగైదేళ్ల పిల్లకు సీటు కోసం తల్లిదండ్రులు మూడు నాలుగు ప్రైవేటు స్కూళ్లు తిరుగుతారు. ఫీజు, బస్సు, యూనిఫాం, పుస్తకాలు అన్నీ కలిపి లెక్క వేసుకుని నిట్టూరుస్తారు. ఇంతా చేసి, ఇంటి నుంచి ఐదు నిమిషాల నడక దూరంలో ఉన్న ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల గేటు లోపలికి మాత్రం తొంగి చూడరు. చూసి వద్దనుకుంటే అది నిర్ణయం. చూడకుండానే కాదనుకోవడం ఉత్త అలవాటు.

ఆ అలవాటుకు కారణాలు లేకపోలేదు. 2003లో దేశంలోని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలకు పరిశోధకులు ముందుగా చెప్పకుండా వెళ్లి చూస్తే, ప్రతి నలుగురు టీచర్లలో ఒకరు బడిలో కనిపించలేదు. 2010లో మళ్లీ చూసినా పెద్దగా మార్పు లేదు. ఇక చదువు సంగతి. గ్రామీణ ప్రాంతాల పిల్లల మీద జరిగిన 'అసర్' 2024 సర్వే ప్రకారం, ప్రభుత్వ బడుల్లో ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠాన్ని చదవగలిగినవారు 44.8 శాతమే. ఈ అంకెలు విన్న తల్లి తన బిడ్డను అక్కడికి పంపడానికి జంకితే తప్పు పట్టలేం.

కానీ సగటు అంకె ఏ ఒక్క బడి గురించీ చెప్పదు. పైగా ఫీజు కట్టినంత మాత్రాన ఆ లోటు తీరుతుందన్న హామీ కూడా లేదు. ఈ విషయంలో మన దగ్గరే ఒక గట్టి సాక్ష్యం ఉంది. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఐదు జిల్లాల్లో, 180 గ్రామాల్లో ఒక పెద్ద అధ్యయనం మొదలైంది. ప్రభుత్వ బడి పిల్లల్లో కొందరిని లాటరీ తీసి, ఫీజులు కట్టి, ప్రైవేటు స్కూళ్లకు పంపారు. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ నాలుగేళ్ల పాటు ఆ పిల్లల చదువును గమనించారు. 2015లో వెలువడిన ఫలితం ఏమిటంటే, లాటరీ తగిలిన పిల్లలకూ తగలని పిల్లలకూ తెలుగులో, లెక్కల్లో తేడా లేదు. ప్రైవేటు పిల్లలు స్పష్టంగా ముందున్న సబ్జెక్టు హిందీ. ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో ఆ సబ్జెక్టు చెప్పేవారే కాదు.

ఈ ఫలితాన్ని రెండు వైపుల నుంచీ చదవాలి. ప్రైవేటు స్కూళ్లు ఒక్కో విద్యార్థి మీద పెట్టిన ఖర్చు ప్రభుత్వ ఖర్చులో మూడో వంతుకు లోపే. అంత తక్కువ డబ్బుతో, తెలుగుకూ లెక్కలకూ తక్కువ సమయం కేటాయించి, అదే ఫలితం సాధించారు. అది సర్కారు సిగ్గుపడాల్సిన విషయం. కానీ తల్లిదండ్రుల వైపు నుంచి చూస్తే పాఠం వేరు. పోల్చాల్సింది నగరంలోని పేరుమోసిన కార్పొరేట్ స్కూలుతో కాదు. మీ జేబుకు అందే పక్క వీధి ప్రైవేటు స్కూలుతో. ఆ పోలికలో గెలుపు ఎవరిదో బోర్డు చూసి చెప్పలేం. లోపలికి వెళ్లి చూడాల్సిందే.

వెళ్లే ముందు కొంత పని ఇంట్లోనే చేసుకోవచ్చు. దేశంలో ప్రతి బడికీ 11 అంకెల యూడైస్ కోడ్ ఉంటుంది. దాని ఆధారంగా కేంద్ర విద్యాశాఖ పోర్టల్‌లో ఎంతమంది పిల్లలు, ఎందరు టీచర్లు, ఎన్ని గదులు, మరుగుదొడ్లు ఉన్నాయో దొరుకుతుంది. అన్నింటికన్నా ముందు చూడాల్సింది టీచర్ల సంఖ్య. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక బడిలో 60 మంది పిల్లల వరకు ఇద్దరు, 90 వరకు ముగ్గురు, 120 వరకు నలుగురు టీచర్లు ఉండాలి. అంటే పిల్లలు ఎంత తక్కువైనా ఇద్దరికి తగ్గకూడదు. వాస్తవం ఏమిటంటే, 2024-25 యూడైస్ లెక్కల్లో ఒకే టీచరున్న బడులు 1,04,125. వాటిలో చదివే పిల్లలు 33 లక్షలకు పైనే. ఈ జాబితాలో 12,912 బడులతో మొదటి స్థానం ఆంధ్రప్రదేశ్‌దే.

చిన్న బడి విషయంలో ఈ ఒక్క అంకె ఎందుకంత ముఖ్యం? పెద్ద స్కూల్లో ఒక టీచరు సెలవు పెడితే ఒక తరగతి మాత్రమే నష్టపోతుంది. ఏకోపాధ్యాయ బడిలో ఆ రోజు బడే ఉండదు. జనాభా లెక్కలకు, ఎన్నికలకు, విపత్తు సహాయానికి టీచర్లను వాడుకోవచ్చని విద్యాహక్కు చట్టమే చెబుతోంది. ఇవి కాక సమావేశాలు, శిక్షణలు, యాప్‌లలో ఫొటోల అప్‌లోడ్. కాబట్టి హెడ్మాస్టరును కలిసినప్పుడు సూటిగా అడగండి. కాగితం మీద ఎందరు? బడికి వచ్చేది ఎందరు? డెప్యుటేషన్ మీద వేరే చోటికి వెళ్లినవారున్నారా? ఎవరైనా సెలవు పెడితే మండల కార్యాలయం ఎవరిని పంపుతుంది?

రెండోసారి చెప్పకుండా వెళ్లండి, అదీ మధ్యాహ్న భోజనం అయ్యాక. సర్కారు బడి బండారమైనా, బంగారమైనా బయటపడేది ఆ వేళలోనే. భోజనం తర్వాత పాఠం మళ్లీ మొదలైందా, పిల్లలు ఆవరణలో తిరుగుతున్నారా? టీచర్లు కూడా ఆ కూర రుచి చూశారా? ఆడపిల్లల మరుగుదొడ్డికి తాళం వేసి ఉందా, తీసి ఉందా, లోపల నీళ్లున్నాయా? ఆంధ్రప్రదేశ్‌లో 2019లో మొదలైన 'నాడు-నేడు', తెలంగాణలో 2022లో మొదలైన 'మన ఊరు-మన బడి' పథకాలతో చాలా బడులకు కొత్త రంగులు, బెంచీలు వచ్చాయి. మంచిదే. అయితే రంగు వేసింది కాంట్రాక్టరు. మరుగుదొడ్డి రోజూ శుభ్రంగా ఉందంటే మాత్రం దాన్ని చూసుకునే మనిషి ఆ బడిలో ఉన్నట్టు.

అసలు పరీక్ష చదువుదే. హెడ్మాస్టరు అనుమతితో మూడో తరగతిలో నలుగురైదుగురు పిల్లల పక్కన కూర్చోండి. ఫస్టు వచ్చే పిల్లను మాత్రమే ముందుకు తోస్తే సున్నితంగా వద్దనండి. రెండో తరగతి స్థాయిలో, వాళ్లు ఇంతకుముందు చూడని ఒక పేరా ఇచ్చి చదవమనండి. పుస్తకంలోని పాఠం ఇస్తే కంఠతా అప్పజెప్పేస్తారు. తర్వాత అందులో ఏముందో సొంత మాటల్లో చెప్పమనండి. తడబడినా పర్వాలేదు. తప్పు చదివితే టీచరు ఏం చేస్తారో చూడండి. కసురుకుంటారా, పక్కన కూర్చుని కూడబలికిస్తారా? ఇదే పరీక్ష ప్రైవేటు స్కూల్లోనూ పెట్టండి. ఒప్పుకోకపోతే అదీ ఒక జవాబే.

ఒకే గదిలో రెండు మూడు తరగతులు కూర్చున్నాయని కంగారు పడనక్కర్లేదు. చిన్న బడిలో అది తప్పదు. టీచరు మూడో తరగతికి లెక్క చెబుతుంటే ఒకటో తరగతి పిల్లలు ఏం చేస్తున్నారన్నది ప్రశ్న. పలక మీద అదే అక్షరాన్ని గంటసేపు దిద్దుతుంటే బడి బాగాలేనట్టే. ఇందుకు భిన్నమైన దారి మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీలో దశాబ్దాల కిందటే దొరికింది. పాఠాలను చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, నిచ్చెన మెట్లలా పేర్చి, ప్రతి పిల్లా తన మెట్టు నుంచి తాను ఎక్కే పద్ధతిని ఏకోపాధ్యాయ బడుల కోసం అక్కడ రూపొందించారు. తమిళనాడు సర్కారు బడులకు కూడా ఆ ఒరవడి పాకింది. తక్కువ మంది పిల్లలుండటం లోపం కాదని, దాన్ని వాడుకోవడం రావాలని అది చెబుతోంది.

చివరగా అడగాల్సింది బడి భవిష్యత్తు గురించి. ఐదో తరగతి దాకా ఈ బడి ఉంటుందా? ఆంధ్రప్రదేశ్‌లో 2022లో జీవో 117తో చాలా చోట్ల 3, 4, 5 తరగతులను హైస్కూళ్లకు తరలించారు. 2025లో ఆ జీవోను రద్దు చేసి మరో పద్ధతి తెచ్చారు. మధ్యలో ఎన్నో కుటుంబాలు విసిగి ప్రైవేటు బస్సెక్కాయి. తెలంగాణలో 2024-25లో ఒక్క పిల్లా చేరని బడులు 2,245. ఇవేవీ ఒక్కరోజులో ఖాళీ కాలేదు. ముందు ఫీజు కట్టగలిగినవారు వెళ్లారు. పిల్లలు తగ్గారని ఒక టీచరును తీసేశారు. టీచరు లేరని ఇంకొందరు వెళ్లారు. ఆఖరున మిగిలింది ఎక్కడికీ వెళ్లలేని కూలీల పిల్లలు. వారి కోసం గొంతెత్తేవారు అప్పటికి ఎవరూ లేరు.

ఈ వరసను వెనక్కి తిప్పడం అసాధ్యమేమీ కాదు. కోళికోడ్‌లోని మలాపరంబ ఎయిడెడ్ స్కూలును లాభసాటిగా లేదని మూసేయాలనుకున్నారు. 2014లో ఒక రాత్రి భవనాన్ని కూల్చేశారు. స్థానికులు చేయీచేయీ కలిపి దాన్ని మళ్లీ కట్టుకున్నారు. 2016లో కోర్టు ఆదేశంతో తాళం పడితే, కేరళ ప్రభుత్వమే బడిని స్వాధీనం చేసుకోవాల్సి వచ్చింది. అక్కడ బడిని నిలిపింది పిల్లల సంఖ్య కాదు, బడి మాదేనన్న జనం.

అలాగని ఆదర్శం కోసం బిడ్డను బలి పెట్టమని ఎవరూ అడగకూడదు. ఐదు తరగతులకు ఒక్కరే టీచరై, మూడో తరగతి పిల్లలకు అక్షరాలు కూడా రాని బడిలో మీ పిల్లను చేర్చొద్దు. కానీ వదిలి వచ్చే ముందు, రెండో టీచరు ఏరని మండల విద్యాధికారికి ఒక కాగితం రాయండి. బడి ఓ మోస్తరుగా ఉండి, మనసున్న టీచరు కనిపిస్తే ఒంటరిగా చేరకండి. వీధిలో మరో నాలుగైదు కుటుంబాలను కలుపుకోండి. చట్ట ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది మహిళలు ఉండాలి. చాలా చోట్ల ఆ కమిటీ సంతకాలకే పరిమితం. అందులో కూర్చుని రిజిస్టరు అడిగే తల్లి ఒక్కరున్నా బడి నడక మారుతుంది.

అన్ని వర్గాల పిల్లలూ చదివే ఇరుగుపొరుగు బడి గురించి కొఠారీ కమిషన్ 1966లోనే చెప్పింది. దాన్ని అమలు చేయని ప్రభుత్వాలను ఎంతైనా నిందించవచ్చు. అయితే ఆ పని మొదలు కావడానికి జీవో అక్కర్లేదు. ఈ జూన్‌లో అడ్మిషన్ ఫారం నింపే ముందు ఒక పూట సెలవు పెట్టి, వీధి చివరి గేటు తోసుకుని లోపలికి వెళ్తే చాలు.