కుట్లు విప్పిన తరువాత

పదవ తరగతి ఉత్తీర్ణతాపత్రమున పేరు, తండ్రిపేరు, పుట్టిన తేదీలతోపాటు గుర్తింపు చిహ్నములని రెండు పంక్తులు కనబడును. మనము చదివిన బడిలో గుమాస్తాగారో పంతులుగారో మన మోచేతిని, నుదుటిని పరిశీలించి ఒక పంక్తిలో పుట్టుమచ్చను, మరియొక పంక్తిలో చిన్ననాడు మెట్లమీదనుండి పడినప్పటి గాయపుమచ్చను వ్రాసియుందురు. మనిషి మారినను మచ్చ మారదను నమ్మకమే ఆ రెండు పంక్తులకు ఆధారము. ఈ నమ్మకమే మన యిండ్లలోను ఆసుపత్రులలోను పాతుకొనిపోయి, గాయము మానుటయే వైద్యమునకు పరమావధి యనియు, కుట్లు విప్పినపిమ్మట మిగిలినది నొసటి వ్రాతయేగాని వైద్యుడు దిద్దదగినది కాదనియు, దానిని దిద్దించుకొనగోరువారు సోకుకొరకు ప్రాకులాడువారనియు ఒక నిర్ణయము లోకమున స్థిరపడినది. ఈ నిర్ణయము తప్పని నా నిశ్చితాభిప్రాయము. మచ్చ గాయములోని భాగమే. కావున దాని సంరక్షణము గాయచికిత్సలో అంతర్భాగమేగాని సౌందర్యశాలలకు వదలివేయవలసిన విషయము కాదు.

మన భాషలో మచ్చ యను మాట మిక్కిలి విశాలమైనది. తల్లికడుపునుండి తెచ్చుకొన్నది పుట్టుమచ్చ. చెంపలపై నల్లగా క్రమ్మునది మంగుమచ్చ. వీపున తెల్లగా పొరలుకట్టునది శోభిమచ్చ. మొటిమ చితికినచోట మిగిలినది మొటిమమచ్చ. చువ్వ కాల్చి పెట్టినది వాత. కత్తి తెగినది గాటు. వ్యవహారమునకు ఈ విశాలత్వము సరిపోవును గాని చికిత్సకు సరిపోదు. మంగు, శోభి వర్ణమునకు సంబంధించినవి. చర్మపు అల్లిక అందు చెడలేదు. మొటిమ తగ్గినపిమ్మట కొన్ని మాసములు నిలుచు గోధుమవన్నె చుక్కయు అట్టిదే; ఎండ తగులకుండ కాచుకొన్నచో పెక్కుమందికి అది మెల్లమెల్లగా వెలిసిపోవును. ఆ మొటిమయే లోతుగా చీముపట్టి చర్మపు అడుగుపొరను తినివేసి గుంటను మిగిల్చినచో, అది నిజమైన గాయపుమచ్చ. పైపై పూతలతో ఆ గుంట పూడదు. ఈ భేదమెరుగని పిల్లలు, మందుల దుకాణమున అడిగి తెచ్చుకొన్న స్టెరాయిడ్ క్రీమును నెలల తరబడి ముఖమునకు రాచుకొని, మచ్చ పోకపోగా చర్మము పలుచనై, ఎర్రబారి, క్రొత్త మొటిమలు లేచి, అనవసరపు నూగు పెరిగి, మానివేసినంతనే మంట పుట్టి, మరల దానినే రాచుకొను దుస్థితికి వచ్చుచున్నారు. వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదని నియమమున్న మందులు అడిగినవారికెల్ల అందుచున్నంతకాలము, ఈ దుస్థితికి ఆ పిల్లలను మాత్రమే తప్పుపట్టుట న్యాయము కాదు.

చర్మము తెగినపుడు దేహము చేయు పని ఎట్టిదో గ్రహించినచో మచ్చయొక్క స్వభావము బోధపడును. ముందు నెత్తురు గడ్డకట్టి ద్వారమును మూయును. పిదప వాపు వచ్చి మలినమును తొలగించును. అటుపిమ్మట కొల్లాజెన్ అను మాంసకృత్తు దారములు చేరి ఆ ఖాళీని నింపును. ఆరోగ్యముగల చర్మమున ఈ దారములు తట్టయల్లికవలె ఒకదానితో నొకటి పెనవేసికొనియుండగా, మచ్చలో అవి ఒకే దిక్కునకు పేర్చిన గడ్డిపరకలవలె పడియుండును. తొందరలో కట్టిన గోడ అది. అందుచేతనే ఎంత బాగుగా మానిన గాయమునకైనను, తొల్లిటి చర్మపు పటుత్వములో నూటికి 80 పాళ్లకు మించి తిరిగి రాదు. అయినను పని అంతటితో ముగియలేదు: ఎర్రగా, గట్టిగా, దురదగానున్న ఆ క్రొత్త గోడను దేహము మరల విప్పి, మరల అల్లి, మెత్తబరచి, పాలిపోజేయుటకు ఒక సంవత్సరము, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు పట్టును. విత్తుటకు అదనున్నట్లే మచ్చ చికిత్సకును అదనున్నది. ఆ అదను ఈ మొదటి సంవత్సరమే. మనము మాత్రము కుట్లు విప్పిననాడే ఆసుపత్రికి నమస్కరించి వచ్చి, ఆ సంవత్సరమంతయు పసుపో కొబ్బరినూనెయో రాచుచు, అది ముదిరి కాయకట్టినపిమ్మట ఎవరినో వెదకికొని బయలుదేరుచున్నాము.

చర్మము సాగుదలకు దిక్కులున్నవని వియన్నా నగరపు శరీరశాస్త్రజ్ఞుడు కార్ల్ లాంగర్ 1861లో నిరూపించెను. గుండ్రని మొనగల సాధనముతో మృతదేహముల చర్మమును పొడిచి, ఆ రంధ్రములు గుండ్రముగా నిలువక ఒక్కొక్క చోట ఒక్కొక్క దిక్కునకు కోలగా సాగుటను గమనించి, అతడు దేహమంతట రేఖలను గీసి చూపెను. ఆ రేఖల వెంట కోసిన కోత సన్నని గీతయై మానును. అడ్డముగా కోసినది వెడల్పై ఉబ్బును. కావున మచ్చయొక్క భవితవ్యము కొంత శస్త్రవైద్యుని మొదటి కోతలోనే నిర్ణయమైపోవును.

ఉబ్బిన మచ్చలలో రెండు జాతులున్నవి. సామాన్యులకు రెండును ఒక్కటిగానే తోచును. మొదటిది గాయపు హద్దు దాటదు. గాయము మానిన కొద్దివారములకే లేచి, కొన్ని నెలలు పెరిగి, పిమ్మట కొంతకు కొంత తనంత తానే అణగును. రెండవది కెలాయిడ్. ఇది హద్దు నెరుగదు. చిన్న గాటునుండి బయలుదేరి ప్రక్కనున్న మంచి చర్మముపైకి ప్రాకును. పీతకాలివలె ప్రక్కలకు కొనలు చాచుటనుబట్టియే పందొమ్మిదవ శతాబ్దారంభమున ఫ్రెంచి చర్మవైద్యుడు అలిబేర్ దీనికి గ్రీకు మాటనుండి ఆ పేరు కల్పించెను. రొమ్ముపైన, భుజములపైన, దవడ అంచున, చెవితమ్మెపైన ఇది విశేషముగా కానవచ్చును. అరచేతులలోను కనురెప్పలపైనను చాల అరుదు. ఛాయ తక్కువగానున్న చర్మముగలవారిలోను, కొన్ని కుటుంబములలోను, పది ముప్పది ఏండ్ల నడిమి వయసులోను ఎక్కువ. మన దేశమున చెవులు కుట్టని ఇల్లు అరుదు గనుక, తమ్మెకు వ్రేలాడు ఆ నున్నని బుడిపెను చూడనివారును అరుదు. బంగారము పడలేదనియు, సూది మంచిది కాదనియు చెప్పుకొనుటయేగాని, చెవి కుట్టింపదలచిన బాలిక తల్లికో మేనత్తకో పాత కుట్ల మచ్చ ఎట్లు మానినదో విచారించిన పిమ్మటనే క్రొత్త రంధ్రములు పొడిపింపవలెనన్న యోచన మనకు కలుగదు. కెలాయిడ్ వచ్చు తత్త్వముగల కుటుంబమున రెండవ, మూడవ కుట్టు మానుకొనుటకు మించిన మందు లేదు.

కెలాయిడ్ విషయమున జరుగు పెద్ద పొరపాటు దానిని ఊరక కోసివేయుట. అట్లు కోసి విడిచినచో సగమునకు తక్కువగాక మరల వచ్చుననియు, వచ్చునపుడు మునుపటికంటె పెద్దదిగా రాగలదనియు వైద్యుల అనుభవము. అందుచేత మొదట మూడు మొదలు ఆరు వారముల వ్యవధిలో ట్రయామ్సినొలోన్ అను స్టెరాయిడ్ మందును బుడిపెలోనికే సూదితో ఎక్కింతురు; కొన్నిటికి దానితో ఫ్లోరోయురాసిల్ కలుపుదురు; చిన్న బుడిపెలను ద్రవనత్రజనితో గడ్డకట్టింతురు; కోయక తప్పనపుడు కోసిన ఒకటి రెండు దినములలోపుననే కొలతగా రేడియేషన్ ఇచ్చుటయు కలదు. సూదిమందు నొప్పి కలిగించును, ఒక్కొక్కప్పుడు చర్మమును పలుచజేసి తెల్లమచ్చ నిలుపును. ఈ సంగతి ముందుగా చెప్పని వైద్యునికంటె చెప్పిన వైద్యుని నమ్ముడు. ఉబ్బుట ఆరంభించిన మచ్చలకు సిలికాన్ పట్టీ సాధువైన ఉపాయము: గాయము పూర్తిగా మూసికొన్న పిమ్మట దినమునకు పన్నెండు గంటలకు తగ్గక, రెండు మూడు నెలలకు తక్కువగాక అంటించియుంచవలెను. పది దినములు అంటించి, ఫలము లేదని పారవేయువారే ఎక్కువ.

ఇక నన్ను ఎక్కువగా బాధించునది మరియొక జాతి: కాలినగాయపు బిగుతు. ఒక పసివాని చేతిపై వేడి గంజి ఒలికినది. ఇంటివారు కంగారుపడి టూత్‌పేస్టో, సిరాయో, కాఫీపొడియో పూసిరి. చేయవలసినది మాత్రము ఇరువది నిమిషములు చల్లని నీటిధార క్రింద చేతిని పట్టుట. గాయము మానినది, ప్రాణభయము తొలగినది, పిల్లవాని నెత్తుకొని ఇంటికి వచ్చిరి. అక్కడనుండి మచ్చ తన పని మొదలుపెట్టును. అది ముడుచుకొనుచు, దినదినము వ్రేళ్లను అరచేతివైపునకు లాగుచుండును. ఆరు నెలలకు పలక బలపము పట్టవలసిన చేయి మూసిన పిడికిలియై నిలుచును. మెడ కాలినవారికి గడ్డము రొమ్మునకు అంటుకొనిపోవును. చంక కాలినవారికి చేయి పైకి లేవదు. రెప్ప కాలినవారికి కన్ను మూతపడక గ్రుడ్డు ఎండిపోవును. ఇది సోకు సంగతియా? అన్నము కలుపుకొను చేయి, వడ్లు చెరుగు చేయి, కలము పట్టు చేయి పనికిరాకపోవుటను సోకు సంగతి యనువారితో వాదించుట నాకు చేతకాదు.

ఈ ముడుచుకొనుటను ఆపుటకు ఉపాయములున్నవి. కట్టు కట్టినపుడే వ్రేళ్లు చాచియుండునట్లు బద్దలు వేయవలెను. గాయము మూసికొన్నంతనే వ్యాయామము చేయింపవలెను. కొలత తీసి కుట్టిన బిగుతు తొడుగును దినమునకు ఇరువదిమూడు గంటలు, ఆరు నెలలు మొదలుకొని సంవత్సరము పైబడి ధరింపజేయవలెను. మన యెండలలో, వైశాఖ జ్యేష్ఠములలో, విసనకఱ్ఱ విడువలేని మధ్యాహ్నమున ఆ తొడుగును పిల్లవాని చేతికి ఉంచుట ఎంత కష్టమో తల్లికి తెలియును. ఏల ఉంచవలెనో ఎవరును విప్పి చెప్పకపోవుటచేత ఆమె జాలిపడి తీసివేయును. బిగుతు ఏర్పడిన తరువాత శస్త్రచికిత్సయే శరణ్యము. సన్ననిపట్టీగా బిగిసిన మచ్చను జెడ్ అక్షరపు రూపమున కోసి, ఇరువైపుల త్రికోణములను ఒకదాని చోటున నొకటి మార్చి కుట్టుట ప్రసిద్ధమైన పద్ధతి. అరువది డిగ్రీల కోణముతో చేసినచో ఆ రేఖ సిద్ధాంతరీత్యా 75 శాతము పొడవు పెరుగును. చిన్న కోతతో ఇంత మేలు కలుగు ఉపాయములు శస్త్రవైద్యమున తక్కువ. విశాలమైన బిగుతులకు మరియొక చోటినుండి చర్మమును తెచ్చి అతుకుదురు. ఇచట ఒక హెచ్చరిక: కాలిన పాత మచ్చపై ఎన్నటికిని మానని పుండు లేచినచో ఉపేక్షింపరాదు, అది క్యాన్సరుగా మారు అవకాశమున్నది, చిన్న ముక్క తీయించి పరీక్షింపజేయవలెను.

మొటిమ గుంటలకు లేజర్లు, సన్నని సూదుల రోలర్లు, అడుగు తంతువులను సూదితో తెంపి చర్మమును లేపుట మున్నగునవి వచ్చినవి. గుంటయొక్క ఆకారమునుబట్టి పద్ధతి మారవలెను. ఒకే యంత్రముతో అన్నిటిని తీర్తుమని ప్రకటించువారియెడ జాగరూకత అవసరము. మన చర్మవర్ణమున అతిగా కాల్చిన లేజర్ క్రొత్త నలుపును మిగుల్చునని మరువరాదు. గుంట సగపడుట సాధ్యము; అద్దమువలె నగుట అసాధ్యము.

మచ్చను వైద్యవిషయముగా చూచుట మనకు పరాయి భావన కాదు. సుశ్రుతుడు తన సంహితలోని చికిత్సాస్థానపు తొలి అధ్యాయమున వ్రణమునకు అరువది ఉపక్రమములు చెప్పెను. వానిలో పల్లమైన దానిని లేపు ఉత్సాదనము, ఉబ్బిన దానిని అణచు అవసాదనము, గట్టిపడిన దానిని మెత్తజేయు మృదుకర్మ, తెలుపెక్కిన చోటును నలుపుచేయు కృష్ణకర్మ, నల్లబడిన చోటును పాలిపోజేయు పాండుకర్మ, తుదకు వెండ్రుకలు మొలిపించు రోమసంజననము సైతము కలవు. గాయము పూడినంతనే తన ధర్మము తీరెనని ఆ మహాభిషజుడు తలపలేదు. ఆయన మందులు నేడు వాడుమని నేననను. ఆయన దృష్టి మనకు తప్పిపోయినదని మాత్రము చెప్పుదును. ఆ దృష్టి తప్పినచోటనే పసిబిడ్డల కామెర్లకు మణికట్టులపై వాతలు పెట్టి, రోగము నయము కాకపోగా జన్మాంతము మోయవలసిన మచ్చలను మనమే సృష్టించుట జరుగుచున్నది.

చట్టము ఈ విషయమున ప్రజలకంటె ముందున్నది. ఆరోగ్య బీమా పత్రములలో సౌందర్యచికిత్సకు సొమ్ము చెల్లింపబడదను వాక్యమును చూచి చాలమంది వెనుదిరుగుదురు. కాని ప్రమాదము, కాలినగాయము, క్యాన్సరు వీని పిమ్మట చేయు పునర్నిర్మాణమునకు ఆ నిషేధము వర్తింపదని ఆ వాక్యముననే కలదు. 2007లో ఆంధ్రప్రదేశమున ఆరంభమైన ఆరోగ్యశ్రీ పథకము కాలినగాయపు బిగుతులను విడదీయు శస్త్రచికిత్సలను తన పట్టికలో చేర్చుకొన్నది. ఆమ్లదాడికి గురియైనవారికి ప్రైవేటు ఆసుపత్రులును పునర్నిర్మాణ శస్త్రచికిత్సతో సహా ఉచితముగా చికిత్స చేయవలెనని 2015లో సుప్రీంకోర్టు ఆదేశించినది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము వారిని తన పరిధిలోనికి తెచ్చినది. ఇన్ని యుండియు, చెంపపై మచ్చగల పిల్లకు సంబంధము కుదురలేదని దుఃఖించు తల్లిదండ్రులు, ఆ మచ్చను చర్మవైద్యునికి చూపుటకు సిగ్గుపడుచున్నారు. చూపుటలో సిగ్గు లేదు. ఆ పిల్లను మచ్చనుబట్టి తూచిన పెండ్లివారికి ఉండవలసినది ఆ సిగ్గు.

ఆసుపత్రులవారికి నా విన్నపమొకటి. రోగిని ఇంటికి పంపునపుడిచ్చు చీటీలో మాత్రల పేర్ల క్రింద నాలుగు పంక్తులు తెలుగున వ్రాయుడు: మచ్చకు ఎండ తగులనీయకుడు, ఫలానా దినమునుండి సిలికాన్ పట్టీ వేయుడు, వ్రేళ్లను ఇట్లు చాపింపుడు, మచ్చ ఉబ్బినచో, బిగిసినచో ఫలానా నెలలో తిరిగి రండు. పాఠకులకు మరియొక విన్నపము. మీ యింటనో మీ వీధిలోనో వంగిన వ్రేళ్లతో, లేవని భుజముతో, తిరుగని మెడతో ఎవరైనను ఉన్నచో, ఏండ్లు గడచినవని వారిని ఊరకుండనీయకుడు. హైదరాబాదు ఉస్మానియా ఆసుపత్రిలోను, విశాఖపట్టణపు కింగ్ జార్జి ఆసుపత్రిలోను ప్లాస్టిక్ సర్జరీ విభాగములున్నవి. ఒక్కమారు వెంటబెట్టుకొని తీసికొనిపొండు.