హంతకుడి మనసు సరే.. పోయిందెవరు?

కొడంగల్‌లో రాత్రి భోజనాలు అయ్యాయి. టీవీలో శవం దొరికింది. కోటు వేసుకున్న నిపుణుడు దాని చుట్టూ ఒక్కసారి తిరిగి, కళ్లు మూసుకుని, ‘వయసు ముప్పై అయిదు, ఎడమచేతి వాటం, చిన్నప్పుడే తల్లి వదిలేసింది’ అని గడగడా చెప్పేస్తాడు. ప్రకటనలు అయిపోయేసరికి అచ్చం అలాంటివాడే దొరుకుతాడు!

1998లో మొదలైన హిందీ ‘సీఐడీ’కి డాక్టర్ సాలుంకే ల్యాబే దిక్కు. 2005లో అమెరికాలో వచ్చిన ‘క్రిమినల్ మైండ్స్’ మాత్రం మనస్తత్వ శాస్త్రాన్నే హీరోని చేసింది. మూలం ఎఫ్‌బీఐ. 1972లో క్వాంటికోలో బిహేవియరల్ సైన్స్ విభాగం పెట్టారు. తర్వాత జాన్ డగ్లస్, రాబర్ట్ రెస్లర్ ప్రభృతులు జైళ్లకు వెళ్లి 36 మంది హంతకులతో మాట్లాడారు. ఆ 36 మందీ దొరికిపోయినవాళ్లే. దొరకనివాడి సంగతి వాళ్లెలా చెబుతారు?

అంచనా తప్పితే ఏమవుతుందో లండన్ చూసింది. 1992లో వింబుల్డన్ కామన్‌లో రేచల్ నికెల్ హత్య జరిగితే, పోలీసులు ప్రొఫైల్‌కు సరిపోయాడని ఒకణ్ని పట్టుకుని, వల పన్ని మాట్లాడించారు. 1994లో కోర్టు కేసు కొట్టేసింది. అసలువాడు 2008లో నేరం ఒప్పుకున్నాడు. ఈలోగా, 1993లో, వాడు మరో తల్లినీ బిడ్డనూ చంపేశాడు.

మన దగ్గరికి వద్దాం. 2021 జనవరిలో హైదరాబాద్ పోలీసులు సంగారెడ్డి జిల్లాకు చెందిన ఒకణ్ని అరెస్టు చేసి, 18 మంది మహిళల హత్యల్లో నిందితుడని ప్రకటించారు. కల్లు కాంపౌండ్ల దగ్గర ఒంటరి ఆడవాళ్లతో మాట కలపడం, ఊరి బయటికి తీసుకెళ్లడం, చంపి నగలు దోచుకోవడం. భార్య వదిలి వెళ్లిపోయిందని ఆడజాతి మీదే పగబట్టాడన్న మాట చానెళ్లకు చాలింది. ఇక రోజంతా ‘సైకో’ జపమే.

పట్టించింది మాత్రం ఆ పగ కాదు. మృతురాలి దగ్గర దొరికిన చీటీ మీది ఫోన్ నంబరు, సీసీ కెమెరా దృశ్యాలు. అన్నిటికంటే ముందు, ఆమె కనిపించడం లేదని భర్త స్టేషన్‌కు వెళ్లి ఇచ్చిన ఫిర్యాదు. అది లేకపోతే చీటీ ఎవరిదో, శవం ఎవరిదో తేలడం ఎంత కష్టమయ్యేదో!

సామాజిక శాస్త్రం అసలు పని ఇక్కడే. అమెరికన్ పరిశోధకుడు స్టీవెన్ ఎగ్గర్ దీనికి రెండు మాటలు పుట్టించాడు. ఒకటి ‘లింకేజ్ బ్లైండ్‌నెస్’. ఒక స్టేషన్‌లో దొరికిన శవానికీ ఇంకో స్టేషన్‌లోని శవానికీ సంబంధం కనపడకపోవడం. రెండోది ‘లెస్ డెడ్’. బతికున్నప్పుడే లెక్కలో లేనివాళ్లు, చచ్చినా లెక్కలోకి రానివాళ్లు అన్నమాట. ఎన్నేళ్ల పాటు ఎలా చంపగలిగాడన్న ప్రశ్నకు జవాబు హంతకుడి బాల్యంలో కంటే ఈ రెండు మాటల్లోనే ఎక్కువ ఉంది.

కొడంగల్‌కు ఇది పరాయి సంగతేమీ కాదు. 2016లో వికారాబాద్ జిల్లాలో కలిసేదాకా ఇది మహబూబ్‌నగర్‌లోదే. వలసలంటే పాలమూరే గుర్తొచ్చే రోజుల నుంచీ హైదరాబాద్, ముంబయి, పుణెలకు పనికి పోయిన ఇళ్లు ఇక్కడ ఎన్నో. అడ్డా మీద నిలబడిన మనిషి ఎవరి వెంట పనికి పోయిందో రాసుకునే పుస్తకం ఉండదు. నాలుగు రోజులు రాకపోతే ‘పని దొరికి ఉంటుందిలే’ అనుకుంటారు. పది రోజులకు గానీ అనుమానం రాదు.

ఇలాంటి కథ ఎవరైనా తీస్తే అందులో కోటు నిపుణుడికి పెద్దగా పనుండదు. ముఖ్య పాత్ర స్టేషన్‌లో మిస్సింగ్ కేసు రాసుకునే రైటర్‌ది. మన సీరియళ్లలో ఆ రైటర్‌కు దక్కేది చాలావరకు ఒకే డైలాగు.. ‘సార్ లేరు, రేపు రండి’!