సైరన్ పీకేస్తే సరిపోదు

పాత కారు ఉన్నవాళ్ళకి ఊరంతా ఉచితంగా ఇచ్చే సలహా ఒకటుంది. సెక్యూరిటీ అలారం మొరాయిస్తోందని అంటే చాలు, "సైరన్ వైరు పీకించెయ్యండి, మిగతాది ఉండనివ్వండి, వైరింగు జోలికి మాత్రం పోకండి" అంటారు. మెకానిక్కుదీ అదే మాట, పక్కింటాయనదీ అదే మాట, పాత బళ్ళు అమ్మిపెట్టే బ్రోకరుదీ అదే మాట. దీనికి తోడు ఇంకో నమ్మకం. అలారం ఎంత పాతదైనా, ఎంత పాడైనా ఉంటే కారుకి కాస్త రక్షణేనట, తీసేస్తే బండి దొంగల పాలేనట. ఈ రెండూ తప్పు. అడ్డదిడ్డంగా బిగించిన అలారాన్ని సగం పీకి సగం ఉంచడం కంటే పాత కారుకి చేసే కీడు ఇంకొకటి లేదు. తీస్తే మొత్తం తీయాలి. తీసి, కంపెనీ నుంచి వచ్చినప్పుడు వైరు ఎలా ఉండేదో మళ్ళీ అలాగే కలపాలి.

అసలీ గొడవ ఎక్కడ మొదలైందో చూడండి. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది, 1993లో జెన్, 1998లో శాంట్రో, ఇండికా. మధ్యతరగతి ఇంటి ముందు కారు నిలబడింది గానీ, తక్కువ ధర మోడళ్ళలో రిమోటు లేదు, సెంట్రల్ లాకింగూ లేదు. ఆ లోటును యాక్సెసరీ షాపులు పట్టుకున్నాయి. సీటు కవర్లు, మ్యాట్లు, స్టీరియో, దాంతో పాటే సెక్యూరిటీ సిస్టం. నొక్కగానే కుయ్ మని అరిచే రిమోటు చేతిలో ఉంటే ఆ రోజుల్లో ఆ దర్జాయే వేరు. బిగించే కుర్రాడికి మాత్రం ఆ కారు వైరింగు డయాగ్రం ఎవరూ ఇవ్వలేదు. టెస్ట్ ల్యాంపు పెట్టి గుచ్చి చూసి, ఎక్కడ వెలిగితే అక్కడ కలిపాడు. ఓనరు టీ తాగి వచ్చేలోపు బండి దించాలి, తర్వాతి బండి ఎక్కించాలి. తప్పు ఆ కుర్రాడిది అనను. గంటలో అయిపోవాలని అడిగినవాళ్ళదీ, అయిపోతుందని చెప్పి డబ్బు తీసుకున్నవాళ్ళదీ.

విజయవాడ ఆటోనగర్‌లో ఒక ఎలక్ట్రీషియన్ షెడ్డులో, స్టీరింగు కింది ప్లాస్టిక్ కవరు ఊడదీసిన పాత శాంట్రోలో తల దూర్చి చూశాను. అలారం పెట్టె రెండు జిప్ టైలతో స్టీరింగు కాలమ్‌కి కట్టి ఉంది. దాని నుంచి బయల్దేరిన వైర్లు కొంతదూరం ఒక రంగులో, అతుకు తర్వాత ఇంకో రంగులో. కారు సొంత వైరు మీది తొడుగును బ్లేడుతో గీకి, లోపలి రాగి తీగకి అలారం తీగను ఒక చుట్టు చుట్టి, పైన నల్ల టేపు వేశారు. ఎన్ని ఎండాకాలాలు చూసిందో ఆ టేపు, జిగురంతా కారిపోయి చేతికి అంటుకుంటోంది గానీ వైరుకి అంటుకుని లేదు. రిలే ఏ స్క్రూ లేకుండా క్లచ్ పెడల్ పైన వేలాడుతోంది. దాని అడుగు ప్లాస్టిక్ ఒకవైపు గోధుమరంగుకి తిరిగింది.

"చూడండి సార్, లావు వైరు కోసి మధ్యలో సన్న వైరు అతికించారు. సెల్ఫ్ కొట్టినప్పుడల్లా ఇది కాగుతుంది" అన్నాడు ఎలక్ట్రీషియన్.

"ఓనరుకి చెప్పారా?"

"చెప్తే ఏమంటారు సార్, సైరన్ ఒక్కటి పీకి పంపించెయ్ అంటారు."

ఆయన చూపించిన ఆ కోసిన వైరు దగ్గరే ఉంది అసలు సంగతంతా. అలారం వైర్లు రెండు రకాలు. కొన్ని కారు వైరుకి పక్కగా తగిలించినవి: కరెంటు తీసుకునే ఎర్ర వైరు, పార్కింగ్ లైట్లను వెలిగించేవి, తలుపు తెరిచారో లేదో కనిపెట్టేది. ఇవి తీసేసినా కారు సొంత వైరు తెగదు, గీకినచోట కప్పేస్తే చాలు. రెండో రకం కారు వైరును నడిమికి కోసి, మధ్యలో రిలేను కూర్చోబెట్టినవి. సెల్ఫ్ మోటారుకి పోయే వైరుకో, ఇగ్నిషన్ వైరుకో, ఎంపీఎఫ్‌ఐ (ఫ్యూయల్ ఇంజెక్షన్) బళ్ళలో పెట్రోలు పంపు వైరుకో ఈ శస్త్రచికిత్స చేస్తారు. సైరన్ పీకినంత మాత్రాన ఈ రెండో రకానికి ఏమీ కాదు. పెట్టె బతికే ఉంటుంది, రిలే బతికే ఉంటుంది, కారు ప్రాణం ఇంకా ఆ వేలాడే రిలే గుండానే పోతుంటుంది. అరిచి చెప్పే నోరు ఒక్కటే పోయింది.

ఇప్పుడు "ఉంటే కాస్త రక్షణే కదా" అనే మాట తీసుకుందాం. ఆ రిలేను రెండు విధాలుగా కలుపుతారు. ఒకటి, అలారం ఆన్‌లో ఉన్నప్పుడు మాత్రమే రిలే పనిచేసి దారి కోస్తుంది. అంటే అలారానికి కరెంటు అందకపోతే రిలే మామూలు స్థితికొచ్చి బండి హాయిగా స్టార్టవుతుంది. దొంగకి కావలసింది కూడా అదే: డాష్‌బోర్డు కింద చెయ్యి పెట్టి ఆ పెట్టె సాకెట్టు లాగితే పని అయిపోయింది. రెండో విధం దీనికి తలకిందులు. రిలేకి కరెంటు ఉంటేనే బండి నడుస్తుంది. ఇది దొంగని కాస్త ఇబ్బంది పెడుతుంది, నిజమే. కానీ పెట్టెలో ఒక టాంకా ఊడినా, ఎర్తు వైరు వదులైనా ఓనర్నీ ఆపుతుంది. అదీ ఎక్కడ? ఇగ్నిషన్ వైరు కోసిన బళ్ళలోనైతే ఎక్కడైనా. హైదరాబాద్–విజయవాడ హైవే మీద లారీని దాటుతుండగా ఇంజను ఆగిందనుకోండి. పవర్ స్టీరింగు ఉంటే బిగుసుకుంటుంది. బ్రేకు బూస్టరులో మిగిలిన వ్యాక్యూమ్ ఒకటి రెండు సార్లు తొక్కడానికే వస్తుంది, ఆ తర్వాత పెడల్ రాయి. మొదటి విధంలో బిగిస్తే దొంగకి అడ్డు కాదు, రెండో విధంలో బిగిస్తే ఓనరుకి గండం. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందనే సామెత ఇక్కడ అక్షరాలా సరిపోతుంది.

బ్యాటరీ లెక్క ఇంకా సులువు. చిన్న కార్లలో ఉండేది సుమారు 35 ఆంపియర్-అవర్ బ్యాటరీ. కారు ఆపేసి ఉన్నప్పుడు 50 మిల్లీ ఆంపియర్ల లోపు కరెంటు కారుతుంటే మామూలే అనుకోవచ్చు. తడిసి, తుప్పుపట్టి, పాతబడ్డ అలారం 100 మిల్లీ ఆంపియర్లు తాగుతోందనుకోండి. రోజుకి 2.4 ఆంపియర్-అవర్. సంక్రాంతికి ఊరెళ్ళి పదిరోజుల తర్వాత తిరిగొస్తే 35లో 24 ఖాళీ. ఇక సెల్ఫ్ ఏం తిరుగుతుంది? అప్పుడు మొదలవుతుంది అసలు ఖర్చు. ముందు బ్యాటరీ మారుస్తారు. కొన్నాళ్ళకి మళ్ళీ డౌన్ అయితే ఆల్టర్నేటర్ విప్పుతారు. తర్వాత సెల్ఫ్ మోటారుకి కార్బన్లు. ఎక్కడా ఎవరూ అలారం పేరెత్తరు, ఎందుకంటే సైరన్ పీకేశాం కదా, అది లేనట్టే లెక్క! సైరన్ లేని అలారం రాత్రుళ్ళు ఊరికే ఉలిక్కిపడి పార్కింగ్ లైట్లు కొడుతుంటే మనకి తెలియను కూడా తెలియదు. నాలుగు 5 వాట్ల బల్బులంటే వెలిగినంతసేపూ ఆంపియరున్నర పైనే. అరిచే అలారం కనీసం నిద్రలేపి సంగతి చెబుతుంది.

ఇక నిప్పు. నడిరోడ్డు మీద కారు తగలబడిందని చదివినప్పుడల్లా కింద "షార్ట్ సర్క్యూట్ కారణమని భావిస్తున్నారు" అని ఉంటుంది. బ్యాటరీ నుంచి నేరుగా, ఫ్యూజు లేకుండా లాగిన సన్నటి వైరు ఒకటి టేపు ఊడి బాడీకి తగిలితే ఆపేదేదీ ఉండదు. సైరన్ పీకినవాళ్ళు ఆ వైరు కొసను ఏం చేశారో ఎప్పుడైనా బానెట్ ఎత్తి చూశారా? చాలాసార్లు మెలితిప్పి ఫైర్‌వాల్ మూల దోపి వదిలేస్తారు.

"అలారం అరిస్తే ఎవరైనా వస్తారు కదా" అనేవాళ్ళూ ఉన్నారు. ఎవరొస్తారు? దీపావళి బాంబుకి అరిచి, వినాయకుడి ఊరేగింపు డీజేకి అరిచి, ఉరిమినా అరిచి, పిల్లి ఎక్కినా అరిచే దాన్ని వీధి ఎప్పుడో పట్టించుకోవడం మానేసింది. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా నివాస ప్రాంతంలో 45 డెసిబెల్స్ దాటకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతుంటే, మన సైరన్ డబ్బాల మీద 120 అని గొప్పగా అచ్చేసి ఉంటుంది. అమెరికాలో 1997లో 7.3 కోట్ల వాహనాల బీమా క్లెయిములు పరిశీలించి, అలారం ఉన్న కార్లలో దొంగతనం నష్టాలు మొత్తంమీద తగ్గలేదని తేల్చారు. ఒకరి అనుభవమో ఇద్దరిదో కాదు, బీమా క్లెయిముల లెక్క.

రిమోటు సంగతీ అంతంతే. ఆ కాలపు చవక రిమోట్లలో చాలావాటిది ఎన్నిసార్లు నొక్కినా ఒకే కోడు. తాళాలు చేసేవాడి దగ్గరి చిన్న కాపీ రిమోటు దాన్ని ఇట్టే పట్టేస్తుంది. కాస్త ఖరీదైన వాటిలో నొక్కిన ప్రతిసారీ కోడు మారే కీలాక్ పద్ధతి వచ్చింది. 2008లో జర్మనీలోని బోఖుమ్ పరిశోధకులు దాన్నీ ఛేదించి, రెండు సిగ్నళ్ళు వింటే రిమోటుకి నకలు తీయవచ్చని చూపించారు. అయితే కొత్త స్మార్ట్ అలారం వేయిద్దామంటారా? 2019లో పండోరా, వైపర్ అనే పేరున్న బ్రాండ్ల యాప్‌లలో లొసుగు బయటపడింది. ఎవరి ఖాతానైనా చేజిక్కించుకుని, కారు ఎక్కడుందో చూసి, తలుపులు తీయవచ్చని తేలింది. తర్వాత సరిదిద్దారనుకోండి.

బీమాలో తగ్గింపు పోతుందని భయపెట్టేవాళ్ళకి ఒక మాట. పాత మోటారు టారిఫ్ ప్రకారం ఓన్ డ్యామేజ్ (సొంత బండి నష్టం) ప్రీమియంలో తగ్గేది 2.5 శాతం, అదీ 500 రూపాయలకి మించదు. దానికి పుణెలోని వాహన పరిశోధన సంస్థ ఏఆర్‌ఏఐ ఆమోదించిన పరికరమై ఉండాలి, బిగించినట్టు ఆటోమొబైల్ అసోసియేషన్ సర్టిఫికెట్ కావాలి. పాతబడి విలువ పడిపోయిన బండికి ఓన్ డ్యామేజ్ ప్రీమియం 2,000 ఉంటే తగ్గేది 50 రూపాయలు. ఒకవేళ మీరు నిజంగానే ఆ తగ్గింపు తీసుకుంటూ ఉంటే, పరికరం తీసేశాక కంపెనీకి చెప్పండి, అంతే.

మిగిలిన అభ్యంతరాల్లో ఒక్కదానికే పస ఉంది: "తీయబోతే ఇంకా పాడవుతుంది." పాడు చేసేవాడి చేతిలో పెడితే అవుతుంది. అందుకే కట్టరుతో కాక, మీటరుతో మొదలుపెట్టేవాణ్ణి వెతకాలి. ముందు బ్యాటరీ నెగటివ్ తీయాలి. పసుపు రంగు కనెక్టర్లు కనిపిస్తే అవి ఎయిర్‌బ్యాగువి, ముట్టుకోకూడదు. పెట్టె దగ్గర గుత్తిని ఒక్కసారిగా కోసెయ్యడం పనికిరాదు, ఒక్కో వైరునీ దాని అతుకు దాకా వెళ్ళి చూడాలి. తగిలించినది విప్పి, గీకినచోట టాంకా వేసి స్లీవు తొడగాలి. రాగి సగం తెగి ఉంటే ఆ ముక్క తీసి అదే మందం వైరు వేయాలి. కోసినచోట రిలేను తప్పించి, కారు సొంత కొసలు రెండూ ఒకదానికొకటి కలపాలి, ఇక్కడ టేపు మీద ఆధారపడటానికి వీల్లేదు. తలుపుల్లోని లాకింగు మోటార్లు బాగుంటే వాటికి విడిగా సెంట్రల్ లాకింగు యూనిట్ పెట్టుకోవచ్చు, అలారం అక్కర్లేదు. పూట పనిలో అయిపోతే సంతోషం, రోజంతా పట్టినా అడిగిన కూలి ఇవ్వండి. గంటలో అయిపోవాలన్న తొందరే కదా ఇంతదాకా తెచ్చింది.

దొంగల భయం ఉత్తదని నేననడం లేదు. కార్బురేటర్ కాలపు 800ని తాళం లేకుండా స్టార్ట్ చేయడం పెద్ద విద్యేం కాదు. దానికి మంచి గేర్ లాక్ ఒకటి, కంటికి కనిపించనిచోట ఒక బ్యాటరీ కటాఫ్ స్విచ్చి, వెలుతురున్నచోట పార్కింగు. గేర్ లాక్ ఉరుముకి అరవదు, బ్యాటరీ తాగదు, హైవే మీద ఇంజను ఆపదు.

మీ బండి సంగతి తెలుసుకోవాలంటే ఒక చవక మల్టీమీటరు చాలు. తాళంచెవి బయటికి తీసి, తలుపులు మూసి, బ్యాటరీ నెగటివ్ కేబులు ఊడదీసి, 10 ఆంపియర్ల రేంజిలో పెట్టిన మీటరును ఆ కేబులుకీ బ్యాటరీ నెగటివ్‌కీ మధ్య తగిలించి కొన్ని నిమిషాలు ఆగి చూడండి. మీటరు మధ్యలో ఉండగా సెల్ఫ్ కొట్టకండి. అంకె 50 మిల్లీ ఆంపియర్లు దాటి, అలారం సాకెట్టు లాగగానే పడిపోతే ఇక ఎవరి సలహా కోసమూ చూడకండి. మొత్తం తీయించండి.